అక్క గది ఫ్యానుకు దీపం

వెర్నా ప్రెజాన్ ముప్పై ఒక్క సంవత్సరాలు బడి బస్సు నడిపింది. వరి పొలాల మధ్య సన్నటి గట్టు రోడ్ల మీద, వాన పడితే చెరువులా మారిపోయే ఆ దారుల్లో, ఒక్క పిల్లను కూడా బడికి ఆలస్యంగా చేర్చిన పాపాన పోలేదు. ఇంజను మొరాయిస్తే మెకానిక్కు కోసం ఎదురు చూసేది కాదు. తనే దిగి, మూత ఎత్తి, చేతికందిన గుడ్డతో రేడియేటరు మూత తిప్పేది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో ఏదైనా చెడిపోతే ముందు దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, దాని సంగతేమిటో చూసేది.

అయితే కరెంటు పనుల జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. భర్త లియోన్స్ ఉన్నన్నాళ్లు ఆయన చూసుకున్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆ తరువాత ఆ పనులు ఆయన తమ్ముడు రోలాండ్‌వి అని అందరూ అనుకున్నారు, ముఖ్యంగా రోలాండ్.

వెర్నాకు అరవై ఏడేళ్లు వచ్చిన సంవత్సరం సెప్టెంబరులో, లాఫయెట్ పట్నంలో ఒంటరిగా ఉంటున్న అక్క ఒడీల్ వాన నీళ్లకు మెట్ల మీద జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది. మూడు నెలలు వాకరు పట్టుకుని నడవాలన్నారు, ఒంటరిగా ఉండకూడదన్నారు. వెర్నా తన పికప్పు బండిలో వెళ్లి, అక్కను, ఆమె బట్టలను, ఆమె తొట్టెల్లోని తులసి, వాము మొక్కలను ఎక్కించుకుని ఇంటికి తెచ్చేసింది.

ఒడీల్‌కు డెబ్బై అయిదు. రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఏడేళ్లకు బేటన్ రూజ్ నగరంలోని బధిరుల బడిలో వేశారు. అక్కడ చేతులతో మాట్లాడటం నేర్చుకుని సెలవులకు ఇంటికి వచ్చేది. ఇంట్లో అమ్మా నాన్నా ఆ భాష నేర్చుకోలేదు. నోరు పెద్దగా తెరిచి అరిస్తే అర్థమవుతుందని చివరిదాకా నమ్మారు. నేర్చుకున్నది ఒక్క వెర్నాయే. నడక, మాట, చేతి మాట మూడూ ఆ పిల్లకు దాదాపు ఒకేసారి వచ్చాయి. ఆరేళ్లకే కొట్లో బేరాలకూ డాక్టరు దగ్గరికీ అక్క వెంట వెళ్లి మాట అందించేది. చర్చిలో అక్క తన తప్పులు చెప్పుకోవాలన్నా ఫాదరుకు చేరవేసేది వెర్నాయే. అందులో సగం మింగేసేది. మింగినందుకు అక్క దగ్గర పిప్పరమెంట్లు వసూలు చేసేది.

ఒడీల్ బడిలోనే అచ్చు పని నేర్చుకుని, లాఫయెట్‌లో ఒక పత్రిక ప్రెస్సులో చేరింది. మొదట అక్షరాలు కూర్చింది. ఆ యంత్రాలు పోయాక ప్రూఫులు దిద్దింది. మొత్తం ముప్పై ఎనిమిదేళ్లు. అదే ప్రెస్సులో పనిచేసే అల్సీడ్ అనే బధిరుణ్ణే పెళ్లి చేసుకుంది. యంత్రాల హోరుకు మిగతావాళ్ల చెవులు చిల్లులు పడుతుంటే ఆ ఇద్దరూ హాల్లో ఈ చివర నుంచి ఆ చివరికి హాయిగా కబుర్లు చెప్పుకునేవారట. ఆయనా పోయాడు. పిల్లలు లేరు.

వెర్నా ఇంట్లో ఒడీల్‌కు ఇచ్చిన గది వెనక వరండా. లియోన్స్ దానికి గోడలు కట్టి గదిగా మార్చాడు. పధ్నాలుగేళ్ల కిందట, అన్నకు సాయంగా రోలాండ్ పైన ఫ్యాను బిగించాడు. వెర్నా పగలు బట్టలు కుట్టుకోవడానికి, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడానికి తప్ప ఆ గదికి వేరే పని ఉండేది కాదు. అందుకని పైన దీపం కావాలని ఎవరికీ తోచలేదు. మంచం పక్కన చిన్న టేబుల్ ల్యాంపు ఒకటుంది, అంతే.

సెప్టెంబరు, అక్టోబరు బాగానే గడిచాయి. పొద్దు పొడుగు. నవంబరు వచ్చి, చలికాలానికి ఏటా చేసినట్టే ఊరంతా గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పేసరికి సాయంత్రం అయిదున్నరకే చీకటి పడటం మొదలైంది. అప్పుడు తెలిసింది వెర్నాకు, చీకట్లో అక్కతో మాట్లాడలేనని.

చెవులున్నవాళ్లు దీపం ఆర్పేసి కూడా కబుర్లు చెప్పుకోగలరు. చేతులతో మాట్లాడేవాళ్లకు వెలుతురు లేకపోతే మాటే లేదు. ఆ టేబుల్ ల్యాంపు ఒక పక్క నుంచే పడేది. చేతిలో సగం తెల్లగా, సగం నల్లగా కనిపించేది. వెర్నా మంచం దగ్గరికొస్తే తన నీడే తన చేతుల మీద పడేది. పెద్ద బల్బు పెడితే ఒడీల్ కళ్లలోకి కొట్టింది. రెండో ల్యాంపు తెస్తే దాని తీగ నేల మీద అడ్డంగా పడింది. కసరత్తులు చేయించడానికి వచ్చే నర్సు ఆ తీగను చూసి, ఇంకోసారి ఈవిడ పడాలని ఉందా అని వెర్నాను కడిగేసింది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గదిలోకి ఎవరైనా వస్తే ఒడీల్‌కు తెలియదు. ఆమె సొంత ఇంట్లో అయితే గుమ్మం దగ్గరి స్విచ్చి రెండుసార్లు వేసి తీస్తే పైన దీపం మిణుకుమనేది, ఆమె తల తిప్పి చూసేది. ఇక్కడ గుమ్మం పక్కన ఉన్న స్విచ్చి ఫ్యానుది. అది నొక్కితే వచ్చేదీ పోయేదీ గాలే. వెర్నా వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసినప్పుడల్లా ఒడీల్ ఉలిక్కిపడేది. ఒకసారి చేతిలో ఉన్న వేడి కాఫీ ఒళ్లో ఒంపుకుంది.

"దొంగలా వస్తావేంటే," అంది ఒడీల్ తువ్వాలుతో ఒళ్లు తుడుచుకున్నాక, చేతులతోనే విసుక్కుంటూ. "మెడలో గంట కట్టుకున్నా నాకు వినపడి చావదు. దీపం పెట్టించు."

ఫ్యాను బిగించింది రోలాండే కాబట్టి వెర్నా రోలాండ్‌నే అడిగింది. అతను ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా ఆమె వంటింటికే వచ్చేవాడు. ఆమె వండిన గంబో పులుసు రెండు గిన్నెలు అన్నంలో పోసుకుని, రేపు చూస్తానన్నాడు. మరో ఆదివారం కూడా రేపే అన్నాడు. మూడో ఆదివారం మాత్రం ఫ్యాను కింద నిలబడి తల పైకెత్తి చూసి పెదవి విరిచాడు.

"దీనికి దీపం పట్టదు వదినా. పాత సరుకు. అంతగా కావాలంటే మొత్తం కొత్త ఫ్యానే వెయ్యాలి. క్రిస్మస్ వెళ్లాక చూద్దాం."

ఇది జరిగిన నాలుగో రోజు సాయంత్రం ఒడీల్ మంచం మీద నుంచి అడిగింది, రక్తపోటు మాత్ర ఇచ్చావా అని. వెర్నా ల్యాంపుకు అడ్డంగా నిలబడి ఉంది. ఇచ్చేశాను, ఇంకోటి వేసుకోకు అని చేతులతో చెబుతూ, వేసుకోకు అన్నప్పుడు తల అడ్డంగా ఊపింది. ఒడీల్‌కు నీడలో చేతులు కనిపించలేదు. ఊగిన తల ఒక్కటే కనిపించింది. ఇవ్వలేదు కాబోలు అనుకుని, వెర్నా వంటింట్లోకి వెళ్లగానే డబ్బాలోంచి ఇంకో మాత్ర తీసి మింగింది.

మర్నాడు పొద్దున స్నానాల గది గుమ్మం దగ్గర ఒడీల్ కళ్లు తేలేసి ఒరిగిపోయింది. వెనకే వస్తున్న వెర్నా రెండు చేతులా పట్టుకోబట్టి సరిపోయింది గాని, లేకపోతే రెండో తుంటి కూడా విరిగేది. క్లినిక్కులో రెండు గంటలు పడుకోబెట్టి, పరీక్షలు చేసి, భయం లేదని పంపించారు. బండి ఎక్కాక, బయల్దేరే ముందు ఒకరినొకరు అడిగితే ఏం జరిగిందో అక్కచెల్లెళ్లిద్దరికీ తేటతెల్లమైంది. ఒడీల్ నవ్వబోయింది. వెర్నాకు నవ్వు రాలేదు. ఇంటికి రాగానే ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రీషియనుకు ఫోను చేసింది. ఆగస్టులో వచ్చిన తుఫానుకు కప్పులు లేచిపోయిన ఇళ్లే ఇంకా ముప్పై దాకా ఉన్నాయని, మార్డి గ్రా పండగ దాటితే గాని అటువైపు రాలేనని అతను మర్యాదగానే చెప్పాడు. మార్డి గ్రా అంటే మూడు నెలలు.

వెర్నా ఫోను పెట్టేసి, వెనక గదిలోకి కుర్చీ ఈడ్చుకొచ్చి, ఫ్యాను ఎదురుగా కూర్చుంది. ఒడీల్ కాసేపు ఆమెను చూసి, ఏం చేస్తున్నావని అడిగింది.

"దాని సంగతి చూస్తున్నా," అంది వెర్నా.

మర్నాడు ఫ్యానును ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లింది. కొట్టు నడిపే ఇమోజీన్ వెర్నా కంటే పదేళ్లు చిన్నది, చిన్నప్పుడు వెర్నా బస్సులోనే బడికి వెళ్లింది. ఫొటోలు పెద్దవి చేసి చూసి, ఫ్యాను అడుగున గిన్నెలాంటి భాగం మధ్యలో ఉన్న చిన్న మూతను గోటితో చూపించింది. ఆ మూత ఉందంటే దీపం పెట్టుకోవడానికి చోటు ఉన్నట్టేనని, ఆ గిన్నె విప్పితే లోపల వాడకుండా వదిలేసిన నీలం తీగ కనిపించాలని చెప్పింది. నీలం తీగ కనిపిస్తే పని సగం అయినట్టే. ఏ ఫ్యానుకైనా సరిపోయే దీపం సెట్టు ఒకటి, తీగలు మెలిపెట్టి బిగించే ప్లాస్టిక్ టోపీలు, కరెంటు ఉందో లేదో కూత పెట్టి చెప్పే పెన్ను ఒకటి గల్లా మీద పెట్టింది.

"మిస్ వెర్నా, ఒక్క మాట," అంది, చిన్నప్పుడు బస్సులో పిలిచినట్టే. " మెయిన్ పెట్టెలో స్విచ్చి మీద ఏం రాసుందో నమ్మకండి. పెన్ను కూత ఆపేదాకా తీగ ముట్టుకోవద్దు. మా ఆయన రాసిన చీటీలు నమ్మి నేనోసారి గోడకి కరుచుకున్నాను."

శనివారం పొద్దున తొమ్మిదింటికి, కిటికీలోంచి ఎండ బాగా పడుతుండగా, వెర్నా నిచ్చెన తెచ్చి వేసింది. ఒడీల్ మంచం దిగి వాకరు ముందు పెట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. కళ్లజోడు తుడుచుకుని, దీపం సెట్టుతో వచ్చిన కాగితం ఒళ్లో పరుచుకుంది. కాగితాలు తనవి, నిచ్చెన చెల్లెలిది అని పని పంచేసింది.

మొదటి చిక్కు గరాజులోని మెయిన్ పెట్టె దగ్గరే వచ్చింది. లియోన్స్ తన వంకర రాతతో 'వెనక గది' అని రాసిన స్విచ్చిని వెర్నా కిందికి దించింది. వచ్చి చూస్తే ఫ్యాను దర్జాగా తిరుగుతూనే ఉంది. ఆగిపోయింది ఫ్రిజ్జు. ఒక్కొక్క స్విచ్చీ దించి ఇల్లంతా పరుగెత్తి రావడం ఎందుకని ఒడీల్ ఒక ఉపాయం చెప్పింది. తను ఫ్యాను రెక్కలనే చూస్తూ ఉంటుంది, అవి నెమ్మదించగానే వాకరుతో నేలను కొడుతుంది. వెర్నా గరాజులో నిలబడి ఒక్కొక్కటే దించింది. ఏడోదానికి ఇంట్లోంచి దబదబా చప్పుడు వచ్చింది. ఆ స్విచ్చి మీద 'కోళ్ల గూడు' అని రాసి ఉంది. కోళ్ల గూడు తీసేసి ఇరవై ఏళ్లయింది.

వెర్నా నిచ్చెన ఎక్కి పెన్ను పెట్టి చూసింది. కూత లేదు. పెన్నే చెడిపోయి ఉంటే? దిగి వంటింట్లో వెలుగుతున్న దీపం తీగ దగ్గర పెట్టింది. కూసింది. మళ్లీ ఎక్కి ఫ్యాను దగ్గర పెట్టింది. ఊరుకుంది. అప్పుడు స్క్రూడ్రైవరు తీసింది.

అడుగు గిన్నె మూడు స్క్రూలకే ఊడి చేతికొచ్చింది. లోపల తీగల కట్ట, దాని వెనక ముడుచుకుని, కొనకు టోపీ పెట్టుకుని, నీలం తీగ. వెర్నా దాన్ని రెండు వేళ్లతో బయటికి లాగి అక్కకు చూపించింది. దీపం పట్టదన్న ఫ్యాను కడుపులో పధ్నాలుగేళ్లుగా ఆ తీగ అలాగే పడి ఉంది.

నిచ్చెన మీద ఉన్నంతసేపూ వెర్నా చేతులు ఖాళీ ఉండవు. చేతులు ఖాళీ లేకపోతే మాట లేదు. అక్కకు ఏదైనా చెప్పాలంటే పని వదిలి, గిన్నెను చంకలో ఇరికించుకుని చెప్పాలి. అక్క చెప్పాలంటే వాకరు కొట్టాలి, వెర్నా తల తిప్పాలి. పావుగంటలో ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. ఒక దెబ్బ అంటే ఇటు చూడు. రెండంటే ఆగు.

వెర్నా దీపం సెట్టు తీగలను గిన్నె మధ్య కంతలోంచి దూర్చి, మరతో బిగించింది. నీలం తీగ టోపీ తీసి, దీపం తెల్ల తీగను దాని పక్కకు తెచ్చింది. దబదబమని రెండు దెబ్బలు వినిపించాయి.

"నీలాన్ని తెల్లదానికి కలపమని రాశాడు కదా," అంది వెర్నా చేతులు ఖాళీ చేసుకుని.

"రాశాడు. బొమ్మలో నీలం నల్లదానికి కలిపాడు," అంది ఒడీల్. కాగితం పైకెత్తి రెండు చోట్లా వేలు పెట్టి చూపించింది. "రాతా బొమ్మా ఒకదానికొకటి పడట్లేదు. ఏదో ఒకటి తప్పు. ముప్పై ఎనిమిదేళ్లు నేను తిన్న కూడు ఇదేనే, నమ్ము. అడక్కుండా కలపకు."

వెర్నా ఇమోజీన్‌కు ఫోను చేసింది. బొమ్మే సరైనదని, రాసినవాడెవడో పరధ్యానంగా రాశాడని ఇమోజీన్ అంది. నీలానికి నల్లది, తెల్లదానికి తెల్లది. ఒడీల్ అప్పటికే ఎర్ర పెన్సిలు తీసి, ఆ అచ్చు తప్పును కొట్టేసి, పక్కన అచ్చుకూటం గుర్తులతో దిద్ది పెట్టింది. తరువాత వారం దాన్ని ఆ కంపెనీకి పోస్టులో పంపింది కూడా. కృతజ్ఞతలు చెబుతూ వాళ్లు రాసిన జాబులో రెండు తప్పులుంటే వాటినీ దిద్ది వెనక్కి పంపింది.

పదకొండుకు అంతా బిగించి, బల్బులు పెట్టి, గరాజులో స్విచ్చి పైకి లేపి వచ్చి, వెర్నా దీపం గొలుసు లాగింది. వెలగలేదు. మళ్లీ లాగింది. ఫ్యాను తిరుగుతోంది, దీపం మాత్రం చలించలేదు. ఆమె భుజాలు రెండూ నిప్పులు పోసినట్టు మండుతున్నాయి. నిచ్చెన రెండో మెట్టు మీద కూలబడింది.

"పోనీ ఇవాళ్టికి వదిలెయ్," అంది ఒడీల్. "పగలు మాట్లాడుకుందాం. సాయంత్రం నోరు మూసుకుంటా. నువ్వైనా కాస్త సుఖపడతావు."

వెర్నా ఫ్యాను వైపే చూసింది. బస్సు ఆగిపోతే ఏం చేసేది తను? ఇంధనం ఇక్కడి దాకా వచ్చిందా, ఇక్కడి దాకా రాలేదా అని గొట్టం వెంట వెనక్కి వెళ్లేది. నీలం తీగ పైకి వెళుతోంది. పైన దానికి కరెంటు అందుతోందా? కప్పుకు ఆనుకున్న పై గిన్నెలో రోలాండ్ దాన్ని కలపకుండా వదిలేసి ఉంటే కింద ఎంత బాగా కలిపినా లాభం లేదు. మళ్లీ గరాజుకు వెళ్లింది, కరెంటు తీసింది, పెన్నుతో చూసుకుంది, ఇంకో మెట్టు పైకి ఎక్కి పై గిన్నెను కిందికి జార్చింది.

అనుకున్నట్టే నీలం తీగ కొన ఒంటరిగా వేలాడుతోంది. కాని వెర్నా చూపు అక్కడ ఆగలేదు. ఫ్యాను బరువంతా మోస్తున్న ఇనుప పెట్టె, కప్పులో ఒక పల్చటి చెక్క బద్దకు రెండే రెండు స్క్రూలతో బిగించి ఉంది. అందులో ఒకటి సగం బయటికొచ్చి ఉంది. వేలితో తాకితే పెట్టె కదిలింది. ఆ ఫ్యాను కింద రెండు నెలలుగా రోజుకు ఇరవై గంటలు పడుకుని ఉన్నది ఒడీల్.

వెర్నా మెల్లగా దిగింది. మంచాన్ని పట్టుకుని ఒంటరిగా గది ఆ మూలకు ఈడ్చేసింది. ఏమైందని ఒడీల్ అడిగితే, పైకి వేలు పెట్టి చూపించింది. ఒడీల్ పైకి చూసి, ఆ వేలాడే స్క్రూను చూసి, అల్సీడ్ తనను అంత తొందరగా పిలవలేదులే అంది. వెర్నా నవ్వలేక నవ్వింది.

మళ్లీ హార్డ్‌వేర్ కొట్టు. ఇమోజీన్ ఈసారి ఒక ఇనుప కడ్డీ ఇచ్చింది. కప్పు కంతలోంచి లోపలికి దూర్చి తిప్పితే అది పొడుగు పెరిగి, రెండు వైపులా దూలాల్లోకి పళ్లు దించుతుంది. ఫ్యాను బరువు మోయడానికే చేసిన పెట్టె దానికి వేలాడుతుంది. పని కష్టం కాదని, అయితే ఫ్యానును దించి మళ్లీ ఎత్తాలి కాబట్టి రెండో మనిషి తప్పదని చెప్పింది.

వెర్నా తిరిగి వచ్చేసరికి వాకిట్లో రోలాండ్ బండి ఉంది. అతను ఎవరి ద్వారానో విన్నాడు. ఆ ఊళ్లో ఒకరు నిచ్చెన ఎక్కితే ఇంకొకరు దిగేలోపు అందరికీ తెలుస్తుంది. గదిలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అరవై ఏడేళ్లకి నిచ్చెనలెక్కడమేంటి వదినా? అంబులెన్సుని ఇప్పుడే పిలిచి వాకిట్లో పెట్టమంటావా? జరుగు, నేను చూస్తా."

వెర్నా చేతిలోని సంచి మంచం మీద పెట్టింది. గొంతు పెంచలేదు. బస్సులో వెనక సీట్లలో అల్లరి చేసే కుర్రాళ్లను అద్దంలోంచి చూసే చూపు ఒకటి ఆమెకు ఉండేది. ఆ చూపు చూసింది.

"పైకెక్కి చూడు, రోలాండూ. ఏమీ ముట్టుకోకు. చూసి చెప్పు, నువ్వేం బిగించావో."

రోలాండ్ ఎక్కాడు. చాలాసేపు పైనే ఉన్నాడు. దిగాక మొహంలో రంగు లేదు. టోపీ తీసి చేతిలో తిప్పాడు. ఆ రోజు టీవీలో ఫుట్‌బాల్ ఆట ఉందని, సరైన పెట్టె బండిలో లేదని, మర్నాడొచ్చి మార్చేద్దామనుకున్నానని గొణిగాడు. తరువాత మర్చిపోయాడు. నీలం తీగ సంగతి తనకు తెలియదని కూడా ఒప్పుకున్నాడు. పట్టదని ఎందుకన్నావంటే, మళ్లీ ఆ గిన్నె విప్పబుద్ధి కాలేదన్నాడు.

ఒడీల్ వాకరుతో ఒక దెబ్బ కొట్టింది. రోలాండ్ తిరిగాడు. ఆమె వేలితో ఫ్యానును, తన మంచాన్ని, చివరకు రోలాండ్ ఛాతీని చూపించింది. దాన్ని వెర్నా మాటల్లో పెట్టాల్సిన అవసరం రాలేదు.

"తప్పయింది, ఒడీల్," అన్నాడు రోలాండ్, ఆమె పెదవులు చదవగలిగేలా నెమ్మదిగా. "నాదే తప్పు. ఇవాళే సరిచేస్తా."

"సరిచేసేది నేను," అంది వెర్నా. "నువ్వు ఫ్యాను పట్టుకో. నేను చాలనేదాకా పట్టుకునే ఉండు. తీగల జోలికి రాకు."

రోలాండ్ తన బండిలోంచి ఇంకో నిచ్చెన తెచ్చి పక్కన వేశాడు. వెర్నా పై తీగలు విప్పింది. అతను ఫ్యానును కొక్కెం నుంచి ఎత్తి, చంటిపిల్లను మోసినట్టు పొట్టకు ఆనించుకుని దించాడు. పాత పెట్టెకున్న రెండో స్క్రూ విప్పాల్సిన పని లేకపోయింది. వెర్నా లాగితే చేతికే వచ్చేసింది. కడ్డీని కంతలోంచి దూర్చి, గుప్పిటతో పట్టుకుని తిప్పింది, ఇక తిరగదు అనేదాకా, ఆ తరువాత పానాతో ఇంకొంత. కొత్త పెట్టె బిగించి, దాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడింది. నిచ్చెన మీద నుంచి ఒక కాలు గాల్లోకి లేపి మరీ వేలాడింది. పైన ఏదీ కదల్లేదు.

ఫ్యానును ఎత్తేటప్పుడు రోలాండ్ చేతులు మొర్రోమన్నాయి. వెర్నా తొందరపడలేదు. నల్లదీ నీలమూ రెండూ కలిపి కప్పులోంచి వచ్చే నల్లదానికి. తెల్లది తెల్లదానికి. ఆకుపచ్చది ఆకుపచ్చదానికి. ఒక్కొక్క టోపీ బిగించాక తీగను లాగి చూసింది. ఒడీల్ కిందనుంచి టార్చిలైటు పట్టుకుని ఒక్కొక్క రంగునూ బొమ్మతో సరిచూసి తల ఊపేది. ఒకసారి ఊపలేదు. వెర్నా మళ్లీ చూస్తే తెల్ల తీగ టోపీలోకి సరిగ్గా ఎక్కలేదు. విప్పి మళ్లీ బిగించింది. రోలాండ్ ఇంకెంతసేపు అని అడిగితే, పధ్నాలుగేళ్లు ఆగిన పని ఇంకో పది నిమిషాలు ఆగుతుందిలే అంది.

అయిదున్నరకు వెర్నా గరాజులో స్విచ్చి లేపి వచ్చింది. గదిలో వెలుతురు బాగా తగ్గిపోయింది. దీపం గొలుసు ముందే లాగి ఉంచింది. గుమ్మం బయట నిలబడి, గోడ స్విచ్చి వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

ఒడీల్ కిటికీ వైపు తిరిగి ఉంది. తల తిప్పి చూసింది. గదంతా ఒక్కసారిగా తెల్లగా, నాలుగు మూలలూ కనిపించేలా వెలిగింది. గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది.

"లోపలికి రావచ్చా?" అంది వెర్నా.

"ఎవరో మర్యాదస్తులు వచ్చినట్టున్నారు," అంది ఒడీల్. "రండి, కూర్చోండి."

రోలాండ్‌కు వెర్నా ఎర్ర చిక్కుడు గింజల కూర, అన్నం, సాసేజి ముక్కలు పెట్టింది. అతను తిని, గిన్నె తనే కడిగి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తరువాత అక్కచెల్లెళ్లిద్దరూ ఆ దీపం కింద ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు నెలల్లో చీకటి పడ్డాక వాళ్లు తీరిగ్గా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ప్రెస్సు సంగతులు, అల్సీడ్ సంగతులు, ఫాదరుకు చేరకుండా వెర్నా మింగిన తప్పుల సంగతులు అన్నీ దొర్లాయి. అప్పుడు ఒడీల్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"మెట్ల మీద పడిన రోజు," అంది చివరికి, "నేను మూడు గంటలు అక్కడే ఉన్నాను. పోస్టువాడు చూసేదాకా."

ఎవరూ వినలేదా అని వెర్నా అడిగింది.

"నేను పిలవలేదు. పక్కింటివాళ్లు వరండాలోనే ఉన్నారు. నాకు కనిపిస్తున్నారు. చిన్నప్పుడు కొట్లో నేను నోరు తెరిచి ఏదో అడిగితే అందరూ నవ్వారు, గుర్తుందా? నువ్వప్పటికి పుట్టలేదులే. అప్పటినుంచి బయట నోరు తెరవలేదు. విరిగిన ఎముకతో పడి ఉండి కూడా, నా గొంతు ఎలా ఉంటుందో అని సిగ్గుపడ్డానే."

ఆ మాటలు ల్యాంపు నీడలో చెప్పగలిగేవి కావు. ఒక్క వేలు కనబడకపోయినా అర్థం మారిపోయేవి. వెర్నా ప్రతి మాటా చూసింది. తరువాత కుర్చీ ముందుకు జరుపుకుని, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

"ఈ ఇంట్లో అరిచెయ్. నేను తప్ప వినేవాళ్లు లేరు. ఎలా ఉన్నా అరిచెయ్. నేను పరిగెత్తుకొస్తా."

ఒడీల్ కాఫీ పెట్టమంది.

మూడు నెలలన్న మకాం ఒడీల్‌కు శాశ్వతమైపోయింది. వాకరు పోయి చేతికర్ర వచ్చింది. వసంతంలో లాఫయెట్ నుంచి ఆమె స్నేహితులు, చేతులతో మాట్లాడేవాళ్లు నలుగురు, గురువారం గురువారం పేకాటకు రావడం మొదలుపెట్టారు. ఆ గదే కావాలనేవారు. తలపై నుంచి పడే ఆ వెలుతురులో ఎవరి ముక్కలూ, ఎవరి తిట్లూ దాగేవి కావు. వాళ్లలో మర్సెలిన్ అనే ఆవిడ ఒకరోజు పైకి చూసి, మా ఇంట్లో కూడా ఇలాంటి మొండి ఫ్యాను ఒకటుంది, ఎవరు పెట్టారు దీపం అని అడిగింది. ఒడీల్ పేకముక్కలు బోర్లించి చెల్లెలి వైపు చూపించింది.

ఆ వారాంతంలోనే వెర్నా నిచ్చెనను పికప్పు బండిలో వేసుకుని బయల్దేరింది. ఇప్పటికి పదకొండు ఇళ్లలో దీపాలు పెట్టింది. ఎవరింటికి వెళ్లినా ముందు కప్పుకున్న పై గిన్నె విప్పి పెట్టె ఎలా ఉందో చూస్తుంది, ఆ తరువాతే కింద గిన్నె ముట్టుకుంటుంది. కాగితం చదవడానికి ఒడీల్ ముందు సీట్లో కూర్చుంటుంది. బరువులెత్తాల్సి వస్తే రోలాండ్ వెనక తన బండిలో వస్తాడు. పిలిచిన రోజే వస్తాడు.